థాయ్ పిల్లలకి యూనివర్సిటీ ఫీజులు: మామూలు సీటా, ఇంటర్నేషనల్ ప్రోగ్రామా?

రయోంగ్_రాజు:
అందరికీ నమస్కారం. నేను రయోంగ్‌లో ఒక ప్లాంట్‌లో పని చేస్తున్నాను, ఇక్కడికి వచ్చి 19 ఏళ్ళయింది. మా ఆవిడది ఈసాన్ వైపు, అంటే ఇక్కడి ఈశాన్య ప్రాంతం, రోయ్ఎత్. పెద్దమ్మాయి ఇప్పుడు మథయోమ్ 6, అంటే మన ఇంటర్ సెకండియర్ అనుకోండి. పుట్టింది ఇక్కడే, పౌరసత్వం థాయ్‌లాండ్‌ది, చదివిందంతా గవర్నమెంటు బడిలోనే. కెమికల్ ఇంజనీరింగ్ చేస్తానంటోంది. సరే, ఫీజులు చూద్దామని కూర్చుంటే నాకు ఏమీ అంతుపట్టలేదు. ఒకటే యూనివర్సిటీ, ఒక చోట టర్ముకి 20,000 బాట్ చిల్లర అంటారు, ఇంకో చోట లక్ష దగ్గర్లో అంటారు. ఆఫీసులో ఒకాయన ఇంటర్ ప్రోగ్రాంలో, అంటే ఇంగ్లీషులో చెప్పే ఇంటర్నేషనల్ కోర్సులో వేస్తేనే పిల్ల బాగుపడుతుందంటాడు. కాకినాడ నుంచి మా అన్నయ్య ఫోన్ చేసి ఎందుకురా అంత ఖర్చు, ఇక్కడికి పంపెయ్ అంటాడు. నాకు థాయ్ మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు, వెబ్‌సైట్లలో ఇంగ్లీషు పేజీలే చూస్తున్నాను. ఇక్కడ పిల్లల్ని చదివించినవాళ్ళు ఎవరైనా ఉంటే నాలుగేళ్ళకి మొత్తం ఎంతవుతుందో చెప్పండి. రాత్రి నిద్ర పట్టడం లేదు.

ఖోన్‌కెన్_మాస్టారు:
రాజు గారూ, మీరు ఇంగ్లీషు పేజీలు చూస్తున్నారు కాబట్టే లక్షలు కనపడుతున్నాయి. ఇంగ్లీషు పేజీలో ముందుగా ఉండేవి ఇంగ్లీషులో చెప్పే కోర్సులే. అసలు ఎక్కువమంది థాయ్ పిల్లలు చేరే సీట్ల పట్టిక థాయ్ పేజీలో ఉంటుంది. మీ అమ్మాయినే చదివి చెప్పమనండి.

నేను ఇక్కడ గవర్నమెంటు బడిలో 11 ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నాను, ఏటా పిల్లలు ఈ పట్టికలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. పెద్ద యూనివర్సిటీల్లో సాధారణంగా మూడు రకాల సీట్లుంటాయి. మామూలుది ఫాక్ పకతి. కొంచెం ఎక్కువ తీసుకునేది ఫాక్ ఫిసేత్. చెవి పెట్టి వింటే మన మాటలే, భాగ ప్రకృతి, భాగ విశేష. మూడోది ఇంటర్, ఇంగ్లీషులో బోధన. మామూలు సీటుకి ప్రభుత్వ బడ్జెట్ వెనకాల ఉంటుంది, ఇంటర్ ప్రోగ్రాం చాలావరకు తన ఖర్చు తానే రాబట్టుకోవాలి, అందుకే అంత తేడా.

మామూలు సీటులో చాలా చోట్ల మావ్ చాయ్ పద్ధతి, అంటే ఎన్ని సబ్జెక్టులు తీసుకున్నా టర్ముకి ఒకటే మొత్తం. చూలాలోంగ్‌కోన్‌లో సైన్సు, ఇంజనీరింగ్ వైపు 20,000 పైన, ఆర్ట్స్ వైపు దానికంటే కొన్ని వేలు తక్కువ. థమ్మసాత్‌లో లా, ఆర్ట్స్ లాంటివి 20,000 లోపు. రాజభట్ యూనివర్సిటీలు దేశంలో 38 ఉన్నాయి, ఒకప్పుడు టీచర్ ట్రైనింగ్ కాలేజీలు, అక్కడ చాలా కోర్సులు 10,000 అటూ ఇటూ. కెమికల్ ఇంజనీరింగ్ మామూలు సీటు 20,000 లెక్కన వేసుకున్నా 8 టర్ములకి 1,60,000 బాట్. ఇంటర్ అయితే టర్ముకి లక్ష, మొత్తం 8,00,000. బాట్‌ని రెండున్నర రూపాయలు వేసుకుంటే నాలుగు లక్షలకీ ఇరవై లక్షలకీ ఉన్నంత తేడా.

సాలాయా_లక్ష్మి:
మాస్టారు చెప్పిన ఆ 8,00,000 మేము కట్టాం. మా వాడు బ్యాంకాక్‌లో మన సిలబస్ చెప్పే ఇంటర్నేషనల్ స్కూల్లో చదివాడు. రోడ్డు మీద ఎవరితోనైనా గలగలా థాయ్ మాట్లాడతాడు, కానీ పేపరు ఇస్తే నాలుగు లైన్లు చదవలేడు. ప్లస్ టూ అయ్యేసరికి థాయ్‌లో చెప్పే ఏ కోర్సూ వాడికి అందలేదు. ఇంటర్ ప్రోగ్రాం తప్ప దారి లేకపోయింది. ఆ అడ్మిషన్‌కి ఐఈఎల్‌టీఎస్, శాట్ లాంటి పరీక్షలు, ఒక్కోదానికీ వేలల్లో ఫీజు, స్కోరు సరిపోకపోతే మళ్ళీ రాయడం. భీమవరంలో మా నాన్నగారు నాకిచ్చిన స్థలం అమ్మాం.

చదువు బాగా చెప్పారు, ఆ మాట కాదనను. ప్రొఫెసర్లు మంచివాళ్ళు, ఒక టర్ము బయటి దేశం కూడా పంపారు. కానీ వాడికి రెండో తరగతిలోనే థాయ్ చదవడం నేర్పించి ఉంటే ఆ స్థలం ఇవాళ మాకు ఉండేది. మీ అమ్మాయి గవర్నమెంటు బళ్ళో చదివింది, థాయ్ చదువుతుంది, రాస్తుంది. మీ ఇంట్లో ఉన్న పెద్ద ఆస్తి అదే రాజు గారూ, దాన్ని వదులుకుని లక్షలు పోసి ఇంటర్‌లో వేయకండి.

తెనాలి_పెద్దాయన:
అమ్మా, మాస్టారూ, మీరంతా అక్కడి లెక్కలే చెప్తున్నారు. మన రాష్ట్రాల్లో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, పిల్ల మన పిల్లే కదా, ఇక్కడికొచ్చి చేరితే తాతయ్య నాయనమ్మల దగ్గర ఉంటుంది, తెలుగు కూడా వస్తుంది. రాజు ఆలోచించవచ్చు కదా.

ఖోన్‌కెన్_మాస్టారు:
పెద్దాయన గారూ, మీ మనసు అర్థమైంది. కానీ రీయింబర్స్‌మెంట్ రావాలంటే స్థానికత ఉండాలి, ఆదాయం లెక్కలు ఉండాలి. థాయ్ పాస్‌పోర్టు ఉన్న పిల్ల మన ఎన్‌ఐటీలో చేరాలంటే డాసా కింద, అంటే విదేశాల్లో ఉండే విద్యార్థులకి పెట్టిన అడ్మిషన్ పద్ధతిలో రావాలి. సార్క్ దేశాలు కాని వాళ్ళకి అందులో ట్యూషన్ ఏడాదికి 8,000 డాలర్లు, అంటే రెండున్నర లక్షల బాట్ పైమాటే. ఇక్కడి ఇంటర్ ప్రోగ్రాం కన్నా ఎక్కువ. గల్ఫ్‌లో పనిచేసేవాళ్ళ పిల్లలకి తక్కువ ఫీజు కోటా ఉంది, థాయ్‌లాండ్‌కి అది వర్తించదు. పైగా జేఈఈ మెయిన్ రాయాలి, ఇక్కడి సిలబస్ వేరు.

థాయ్ పిల్లలు ఇండియా వెళ్ళాలంటే దగ్గరి దారి మెకాంగ్ గంగా స్కాలర్‌షిప్. మన ప్రభుత్వమే థాయ్, లావో, కంబోడియా, వియత్నాం, మయన్మార్ విద్యార్థులకి ఇస్తుంది. నా పాత విద్యార్థిని ఒకమ్మాయి దాని మీద పూణే వెళ్ళి చదువుకొచ్చింది. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా అక్కడి కూరల కారం గురించే చెప్పేదట.

తెనాలి_పెద్దాయన:
అలాగా నాయనా. ఈ డాలర్ల సంగతి నాకు తెలియదు. నిజమే, మా మనవడి కాలేజీలో రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని ఏడాదిన్నర సర్టిఫికెట్లు ఆపేశారు, మేమే అప్పు చేసి కట్టి తెచ్చుకున్నాం. మీకు అక్కడ ఏది వీలైతే అదే చేయండి.

రంగ్‌సిత్_పిల్ల:
హాయ్ అంకుల్స్, ఆంటీస్. నేను థమ్మసాత్ రంగ్‌సిత్ క్యాంపస్‌లో సెకండియర్. అమ్మ థాయ్, నాన్న నిజామాబాద్. తెలుగు రాయడం నాన్న నేర్పారు, తప్పులుంటే చెప్పండి.

ఫీజు గురించి అందరూ చెప్పారు, నేను రోజూ ఖర్చు గురించి చెప్తాను, ఎందుకంటే నా ఇంట్లో ఫీజు కన్నా అదే ఎక్కువ. క్యాంపస్ బయట గది అద్దె నెలకి 4,500. చేరేటప్పుడు రెండు నెలల అడ్వాన్సు, ఒక నెల అద్దె కలిపి ఒకేసారి 13,500 అడిగారు, అంటే నా టర్ము ఫీజుకి దగ్గరగా. కరెంటు యూనిట్ 8 బాట్. గది తలుపు పక్కనే మీటరు ఉంటుంది, ఏప్రిల్‌లో ఏసీ వేస్తే ఆ అంకెలు తిరుగుతుంటే చూడలేక నేను లైబ్రరీకి వెళ్ళిపోయేదాన్ని, పది గంటల దాకా అక్కడే చదువుకుని వచ్చేదాన్ని. తిండి క్యాంటీన్‌లో పూటకి 40, 50 బాట్, మూడు పూటలా అయితే రోజుకి 150. మొత్తం నెలకి 10,000 దాటుతుంది. నాలుగేళ్ళకి లెక్కేసుకోండి అంకుల్, మామూలు సీటులో ట్యూషన్ కన్నా మూడు రెట్లు ఇదే.

అందుకని ఏ యూనివర్సిటీ అని చూసేటప్పుడు ఇంటి నుంచి ఎంత దూరం అనేది కూడా పక్కన రాసుకోండి.

శిరీష_చోన్‌బురి:
తల్లీ, నీ తెలుగు చక్కగా ఉంది. రాజు అన్నా, అమ్మాయి చెప్పిందే నేనూ చెప్పాలనుకున్నా. మీరు రయోంగ్‌లో ఉన్నారు కదా, బాంగ్‌సేన్‌లో బూరఫా యూనివర్సిటీ ఉంది, కెమికల్ ఇంజనీరింగ్ కూడా ఉంది. మా చెల్లి కూతురు అక్కడే చదివింది, శుక్రవారం సాయంత్రం వ్యాన్ ఎక్కితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండేది. ఉతకాల్సిన బట్టలు మూట కట్టి తెచ్చేది, సోమవారం తెల్లవారుజామున వారానికి సరిపడా గుడ్ల కూర, అన్నం కట్టించుకుని వెళ్ళేది. ఇక బ్యాంకాక్ నార్త్ కింగ్ మోంగ్‌కుట్ యూనివర్సిటీకి మీ రయోంగ్‌లోనే, బాన్ ఖాయ్‌లో క్యాంపస్ ఉంది. అక్కడి కోర్సు మామూలు పట్టిక కిందకి వస్తుందో స్పెషల్ కిందకి వస్తుందో చూసుకోండి, ఆ ఒక్క మాట మీద ఫీజు మారిపోతుంది.

హువామాక్_శీను:
అందరూ పెద్ద పేర్లే చెప్తున్నారు, నేను రామ్‌ఖమ్‌హేంగ్ గురించి చెప్తాను. మా ఆవిడ ఫుకెట్ పిల్ల, 12వ తరగతి అయ్యాక ఇంట్లో డబ్బుల్లేక బ్యాంకాక్ వచ్చి బట్టల కొట్లో పనికి చేరింది. 29 ఏళ్ళప్పుడు రామ్‌లో లా మొదలుపెట్టింది. ఆ యూనివర్సిటీ 1971లో పెట్టారు, ఎంట్రన్సు లేదు, ఆవిడ చేరినప్పుడు క్రెడిట్‌కి 25 బాట్. అవును, ఇరవై ఐదే. 140 క్రెడిట్లు అనుకుంటే డిగ్రీ మొత్తానికి క్రెడిట్ డబ్బు 3,500 బాట్. పైన టర్ము ఫీజు, పుస్తకాలు ఉంటాయి, అయినా మిగతావాటితో పోలికే లేదు.

చేరడం తేలిక, బయటపడటం కష్టం. హాజరు అడగరు, ఎవరూ వెంటపడరు. మా ఆవిడ రాత్రి పది గంటలకి షాపు కట్టేసి వచ్చి, బల్ల మీద పుస్తకం తెరిచి, కాళ్ళు వేడినీళ్ళ బకెట్‌లో పెట్టుకుని చదివేది. ఒక సబ్జెక్టు నాలుగుసార్లు రాసింది. ఆరున్నరేళ్ళు పట్టింది. పట్టా తీసుకున్న రోజు వాళ్ళమ్మ ఫుకెట్ నుంచి బస్సులో వచ్చి ఆ నల్ల గౌను అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఫీజు తక్కువ యూనివర్సిటీ అంటే చిన్నచూపు చూడకండి. పని చేసుకుంటూ చదవాలనుకునేవాళ్ళకి రామ్, ఇంకా 1978లో వచ్చిన సుఖోథాయ్ థమ్మాథిరాత్ దూరవిద్య, ఈ రెండూ లేకపోతే ఎంతమంది చదువు ఆగిపోయేదో.

రయోంగ్_రాజు:
శీనూ, మీ ఆవిడకి నా నమస్కారం చెప్పు.

మీరంతా ఇంత వివరంగా రాశారు, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తెలుగులో చదివి వినిపించాను. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఎడ్యుకేషన్ లోన్ గురించి ఎవరికైనా తెలుసా? నా జీతం, మా ఆవిడ కొట్టు కలిపితే పేదవాళ్ళ కిందకి రాము. కానీ రెండోవాడు కూడా వెనకాలే వస్తున్నాడు.

ఖోన్‌కెన్_మాస్టారు:
ఇక్కడ ప్రభుత్వ విద్యారుణ నిధిని కో యో సో అంటారు, 1996లో మొదలైంది. థాయ్ పౌరసత్వం ఉండాలి, మీ అమ్మాయికి ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 3,60,000 బాట్ మించకపోతే ట్యూషన్‌తో పాటు నెలనెలా 3,000 చేతికిస్తారు. ఆదాయం ఎక్కువైనా, దేశానికి బాగా అవసరమని వాళ్ళు లెక్కేసిన కోర్సుల్లో చేరితే ట్యూషన్ వరకు అప్పు ఇస్తారు, నెల ఖర్చు మాత్రం ఇవ్వరు. ఇంజనీరింగ్ బ్రాంచీలు ఆ జాబితాలో ఎక్కువే ఉంటాయి, మీ అమ్మాయి చేరే కోర్సు ఉందో లేదో యూనివర్సిటీ విద్యార్థి విభాగంలో అడగండి.

2023లో చట్టం మార్చారు. వడ్డీ ఏడాదికి 1 శాతం మించకూడదు, ఆలస్యం చేస్తే జరిమానా 0.5 శాతం మించకూడదు, హామీదారు అక్కర్లేదు. కట్టిన డబ్బు ముందు అసలులోకి వెళ్తుంది. చదువయ్యాక రెండేళ్ళు ఆగి, తర్వాత 15 ఏళ్ళలో కట్టుకోవచ్చు. ఏటా 36 గంటలు ఏదైనా సేవ చేసినట్టు చూపించాలి, మార్కుల సగటు (జీపీఏ) 2.00 కింద పడకూడదు. మన దగ్గర బ్యాంకు వాళ్ళు విద్యారుణానికి వేసే వడ్డీ తెలిసినవాళ్ళకి ఈ 1 శాతం విలువ అర్థమవుతుంది.

కానీ ఒక జాగ్రత్త. మూడేళ్ళ కిందట నా క్లాసులో ఒక కుర్రాడు, నాన్న లేడు, అమ్మ చెరుకు తోటల్లో కూలి. మంచి యూనివర్సిటీలో మామూలు సీటు వచ్చింది. అప్పు మంజూరయ్యేది టర్ము మొదలయ్యాక, ఫీజు కట్టాల్సిన తేదీ దానికి ముందు. 17,000 బాట్. చివరి రోజు మధ్యాహ్నం వాడు స్టాఫ్ రూం గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి రాకుండా, సార్ నేను వచ్చే ఏడాది చేరతాను అన్నాడు. చేతిలో మడత పెట్టిన బిల్లు కాగితం, చెమటకి అంచులు తడిసిపోయాయి. టీచర్లందరం వేసుకుని కట్టాం. తర్వాత తెలిసింది, ఫీజు వాయిదా కోసం ఫోన్ ఫన్ అని ఒక దరఖాస్తు ఉంటుందని, అప్పు తీసుకునేవాళ్ళకి చాలా చోట్ల గడువు ఇస్తారని. ఆ మాట వాడికి ముందుగా ఎవరూ చెప్పలేదు, నేను కూడా. అప్పటి నుంచి ప్రతి ఏడాదీ మథయోమ్ 6 పిల్లలకి మొదటి రోజే ఆ మాట బోర్డు మీద రాస్తున్నాను.

రంగ్‌సిత్_పిల్ల:
సార్, మీలాంటి మాస్టారు అందరికీ ఉండాలి. నేనూ కో యో సో మీదే చదువుతున్నాను. నా 36 గంటలు రక్తదానం, గుడి శుభ్రం చేయడం, చిన్నపిల్లలకి పాఠాలు చెప్పడంలో అయిపోతాయి.

సాలాయా_లక్ష్మి:
మా మరిదిగారి అమ్మాయి డాక్టరు చదువు అంటోంది, దాని సంగతి ఎవరికైనా తెలుసా? ప్రైవేటులో అడిగితే లక్షల్లో, అదీ ఏడాదికే, చెప్పారు. విన్నాక కాళ్ళు వణికాయి.

శిరీష_చోన్‌బురి:
లక్ష్మక్కా, ప్రభుత్వ మెడికల్ సీటు వస్తే ట్యూషన్ చాలా తక్కువ. దానికి బదులుగా పట్టా అయ్యాక మూడేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో చేయాలి, చేయకపోతే 4,00,000 బాట్ కట్టాలి. ఆ మూడేళ్ళు ఎక్కువగా జిల్లా ఆసుపత్రుల్లోనే. మా ఊళ్ళో పిల్లాడికి జ్వరం వస్తే చూసేది అలా వచ్చిన కుర్ర డాక్టర్లే, వాళ్ళ కళ్ళ కింద నల్లటి చారలు చూస్తే జాలేస్తుంది, రాత్రీపగలూ డ్యూటీ. ఫీజు తక్కువ కదా అని మాత్రమే చేర్పించకండి, పిల్లకి నిజంగా ఇష్టముందో లేదో అడగండి.

హువామాక్_శీను:
ఇంకోటి గుర్తొచ్చింది. 2021లో కరోనా టైంలో ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు 50,000 లోపు ఉంటే సగం తగ్గించారు, ప్రైవేటు విద్యార్థులకి తలా 5,000 ఇచ్చారు. ఆ టర్ము మా బావమరిది ఫీజు సగమే కట్టాడు.

రయోంగ్_రాజు:
నెల దాటింది నేను ఈ చర్చలోకి వచ్చి. మీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

మొన్న ఆదివారం అమ్మాయి, నేను వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. అది థాయ్‌లో పట్టికలు చదివి నాకు చెప్పడం, నేను తెలుగులో నోట్‌బుక్‌లో రాసుకోవడం. మూడు గీతలు గీశాం, ట్యూషన్, గది, రాకపోకలు. చూలాలోంగ్‌కోన్ మామూలు సీటు, థోన్‌బురి కింగ్ మోంగ్‌కుట్ మామూలు సీటు, బూరఫా, ఆ తర్వాత రెండు ఇంటర్ ప్రోగ్రాంలు. ట్యూషన్ గీత కింద మొదటి మూడింటికీ పెద్ద తేడా లేదు. గది గీత దగ్గరికి వచ్చేసరికి బ్యాంకాక్‌వి పెరిగిపోయాయి, బూరఫా సగానికి తగ్గింది. ఇంటర్ రెండూ చూసి అమ్మాయే పెన్ను తీసుకుని కొట్టేసింది. నేను అడిగాను, ఇంగ్లీషులో చదివితే నీకు మంచిది కాదా అమ్మా అని. నాన్నా, నేను కెమిస్ట్రీ అంతా థాయ్‌లోనే ఆలోచిస్తాను, ఇంగ్లీషు పుస్తకాలు ఎలాగూ చదవాలి, తమ్ముడికి డబ్బులు ఉంచు అంది. దానికి పదిహేడేళ్ళు.

ఇన్నాళ్ళూ ఇంటర్ మంచిదని నేను అనుకోవడానికి ఒక కారణం ఉంది. ఆ పుస్తకాలైతే నేను కూడా చదవగలను, రాత్రి దానికి అర్థం కాకపోతే పక్కన కూర్చుని చెప్పగలను అని. ప్లాంట్‌లో నేను చేసే పనే అది చదవబోతోంది, డిస్టిలేషన్ కాలమ్ గురించి దానితో నా భాషలో మాట్లాడాలని ఆశ. ఆ మాట దానికి చెప్పాను. నువ్వు చెప్పు, నేను థాయ్‌లో రాసుకుంటాను అంది.

టీకాస్‌లో, అంటే ఇక్కడి యూనివర్సిటీల ఉమ్మడి అడ్మిషన్ పద్ధతిలో, కోటా రౌండ్‌కి బూరఫా పెట్టింది, అడ్మిషన్ రౌండ్‌లో పది ఛాయిస్‌లలో మొదటి రెండూ బ్యాంకాక్ మామూలు సీట్లు పెట్టుకుంటానంది. ఇంజనీరింగ్ వైపు రాయాల్సిన టీప్యాట్ 3 పరీక్షకి చదువుతోంది. మాస్టారూ, ఫోన్ ఫన్ దరఖాస్తు కాగితం ముందే దింపుకుని ఫైలులో పెట్టింది. లోన్ జాబితా కూడా చూసింది.

ఒక చిన్న సంగతి అడగాలి. యూనిఫాం. తెల్ల చొక్కా, నల్ల స్కర్టు బయట కొనొచ్చా, లేక అన్నీ యూనివర్సిటీలోనే కొనాలా? మా ఆవిడ ఇప్పుడే కుడతానంటోంది.

రంగ్‌సిత్_పిల్ల:
చొక్కా, స్కర్టు ఆంటీని కుట్టమనండి అంకుల్, బాగుంటుంది. బటన్లు, బెల్టు బకిల్, ఛాతీ మీద పెట్టుకునే గుర్తు మాత్రం యూనివర్సిటీ సహకోన్ (సహకార సంఘం) షాపులో కొనాలి, ప్రతి యూనివర్సిటీకీ వేరు. కాబట్టి సీటు ఖాయమయ్యాకే బటన్లు కొనండి. చొక్కాకి బటన్ రంధ్రాలు కొంచెం పెద్దవిగా పెట్టమనండి, మా వెండి బటన్లు మామూలు రంధ్రాల్లో పట్టలేదు, మొదటి రోజు అమ్మ పొద్దున్నే బ్లేడుతో కోసి ఇచ్చింది.

రయోంగ్_రాజు:
ఇప్పుడే చెప్పాను. టేపు తీసుకుని కొలతలు మొదలుపెట్టేసింది.